పులి – మేక: చింతగింజలు నేర్పిన పాఠం

కొన్నేళ్ల క్రితం ఒక సాయంత్రం, అస్ర్ నమాజు తరువాత, మదర్సా వరండాలో ఇద్దరు పిల్లలు సుద్దముక్కతో గీసుకున్న గీతలను నేను కాలితో చెరిపివేశాను. ‘పులిజూదం’ అన్న మాట చెవిన పడడమే అందుకు కారణం. వారిలో చిన్నవాడు తలవంచుకొని, “హజ్రత్, ఇందులో పందెం లేదు కదండీ!” అన్నాడు. నాకు సమాధానం తోచలేదు. విచారించకుండా తీర్పు చెప్పాను.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఈ ఆట తెలియని పెద్దలు అరుదు. పశువులు కాచేవారు బండరాళ్లపై గీసుకొని ఆడేవారు. ఒక శిఖరం నుండి నాలుగు గీతలు కిందికి దిగుతాయి; వాటిని అడ్డగీతలు ఖండిస్తాయి; మొత్తం 23 స్థానాలు. పులులు 3, మేకలు 15. పులి మేకపై నుండి దూకి దానిని చంపుతుంది. మేకకు దూకే శక్తి లేదు. తోటివాటితో కలిసి పులికి కదలిక లేకుండా చేయడమే దాని విజయం. నేపాల్‌లోని ‘బాఘ్ చాల్’ కూడా ఈ కోవకు చెందినదే. అక్కడ 25 స్థానాలు, 4 పులులు, 20 మేకలు.

ఇక ధర్మం మాట. దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 90వ ఆయతులో జూదం నిషేధించబడింది. పాచికల ఆటను దైవప్రవక్త (సఅసం) వారించారు. చదరంగం విషయంలో హనఫీ పండితులు కఠినంగా ఉండగా, షాఫియీ పండితులు షరతులతో కొంత సడలింపు చూపారు. పులి–మేకలో పాచిక లేదు, పందెం లేదు. పేరులో జూదం ఉన్నంత మాత్రాన ఆటలో జూదం ఉన్నట్లు కాదు. అయితే పందెం చేరినా, నమాజు తప్పినా, నోట దుర్భాష వచ్చినా ఆ అనుమతి అక్కడితో ముగుస్తుంది.

ఆ పిల్లలనే పిలిచి, చిన్న తరగతుల వారికోసం ఆటను సులభం చేద్దామన్నాను. మొదట మేము చేసింది దానికి విరుద్ధం! కాపరిని చేర్చాము, కుక్కను చేర్చాము, నీటిగుంటను చేర్చాము. నియమాలు పెరిగేకొద్దీ చిన్నపిల్లలు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. అప్పుడు తీసివేయడం మొదలుపెట్టాము. చివరకు మిగిలింది ఇది: ఒక శిఖరం, మూడు నిలువు గీతలు, మూడు అడ్డగీతలు, 10 స్థానాలు, ఒక పులి, ఆరు మేకలు. మేకలను ఒక్కొక్కటిగా పెట్టాలి. పెట్టిన ప్రతిసారీ పులి ఒక అడుగు కదులుతుంది. అన్నీ పెట్టిన తరువాతే మేకలు కదులుతాయి. మూడు మేకలు పోతే పులిదే గెలుపు. ఎందుకంటే మిగిలిన మూడింటితో ఏ మూలనైనా పులిని బంధించడం సాధ్యం కాదు, కనీసం నాలుగు కావాలి. ఈ లెక్కను పిల్లలే కనుగొన్నారు.

జీవుల బొమ్మలు చేయలేదు. మేకలకు చింతగింజలు, పులికి గులకరాయి చాలు. ఖర్చు శూన్యం.

తల్లిదండ్రులారా! ఇంట్లో ఫోను లాక్కోవడం తేలిక. దాని స్థానంలో ఏదైనా ఇవ్వడమే కష్టం. మగ్రిబ్‌కు ముందు అరగంట మీ పిల్లల ఎదుట కూర్చోండి. మేకల పక్షం మీరు తీసుకోండి. ఒంటరిగా ముందుకు పోయిన మేక పులికి ఆహారమవుతుందనీ, జమాఅతుగా నిలిచినవి బలవంతుణ్ణి కూడా ఆపగలవనీ మీరు వేరే చెప్పనవసరం లేదు.

ఇప్పుడు ఆ వరండాలో గీతలు సుద్దతో కాదు, రంగుతో ఉన్నాయి. గీసింది ఆ చిన్నవాడే. రంగు డబ్బా పట్టుకొని పక్కన నిలబడింది నేను.