గచ్చు తాగిన నూనె

సిమెంటు గచ్చు మీద నూనె ఒలికితే నీళ్ళు పోసి రుద్దుతాం. ఆరాక చూస్తే నల్లని మరక అలాగే ఉంటుంది. ఎందుకో తెలుసా? మరక ఉన్నది గచ్చు మీద కాదు, గచ్చు లోపల!

సిమెంటు గట్టిపడటానికి నీరు కావాలి. 100 కిలోల సిమెంటుతో రసాయనికంగా కలిసే నీరు సుమారు 25 కిలోలే. కాని కలపడానికి వీలుగా ఉండాలని అంతకంటె చాలా ఎక్కువ పోస్తారు. మిగిలిన నీరు క్రమంగా ఆవిరైపోగా, అది ఉన్నచోట కంటికి కనిపించని సన్నని రంధ్రాలు మిగులుతాయి. దీపపు వత్తిలోకి నూనె ఎగబాకినట్లే ఈ రంధ్రాల్లోకీ చొరబడుతుంది. దీన్నే కేశనాళికీయత అంటారు. ఒక సుద్దముక్క కొనను కొబ్బరినూనెలో ఆనించి చూడండి. నూనె పైకి పాకడం మీకే కనిపిస్తుంది.

నూనెను లోపలికి లాగిన ఈ ధర్మంతోనే దాన్ని బయటికీ లాగవచ్చు. నూనె ఒలికిన వెంటనే పాతగుడ్డతో అద్దాలి. రుద్దితే మరక వ్యాపిస్తుంది. తర్వాత జల్లించిన ముగ్గుపిండిగాని, బూడిదగాని మందంగా చల్లి, కొన్ని గంటలయ్యాక ఊడ్చెయ్యాలి. పొడి ఎంత మెత్తగా ఉంటే, రేణువుల మధ్య సందులు అంత సన్నగా ఉండి నూనెను బాగా పీల్చుకుంటాయి.

పాత మరకకైతే సబ్బుపొడిని వేడినీటిలో కరిగించి, ఆ నీటితో ముగ్గుపిండిని ముద్దగా కలపండి. మరక మీద అర అంగుళం మందాన పట్టువేసి ప్లాస్టిక్ కాగితం కప్పండి. సబ్బు అణువు ఒక కొన నీటిని, మరో కొన నూనెను పట్టుకుంటుంది. అందువల్ల నూనె చిన్నచిన్న బిందువులుగా విడిపోయి నీటితో కలుస్తుంది. మర్నాడు కాగితం తీసెయ్యండి. ముద్ద ఆరుతున్నకొద్దీ గచ్చులోని తడి పైకి వస్తూ నూనెను వెంట తెస్తుంది. పూర్తిగా ఆరాక గీకి, కడగాలి. ఒక్కసారికి పోకపోతే మళ్ళీ వెయ్యాలి.

వంటనూనె మరకను అశ్రద్ధ చెయ్యకూడదు. సిమెంటులోని సున్నంతో అది నెమ్మదిగా చర్య జరిపి, ఏళ్ళు గడిచేకొద్దీ గచ్చును బలహీనపరుస్తుంది. యంత్రాలకు వాడే ఖనిజతైలానికి ఈ గుణం లేదు.

కొందరు మరక మీద ఆసిడ్ పోస్తారు. అది నూనెను కరిగించదు, సిమెంటునే తినేస్తుంది. పైగా బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. పెట్రోలు, కిరోసిన్ వాడితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. వీటి జోలికి పోవద్దు. నూనె పీల్చిన గుడ్డలనూ, పొడినీ పొయ్యికి దూరంగా ఉంచండి.

మరి, నున్నని పూత ఉన్న పింగాణీ పలక మీద నూనె ఒలికినా మరక ఎందుకు మిగలదు? ఆలోచించి చెప్పండి చూద్దాం!