ఇంట్లో మీట నొక్కితే చేలో మోటారు

మధిర: టీవీకి ఒక రిమోటు, సెట్‌టాప్ బాక్సుకు ఒకటి, ఇప్పుడు ఫ్యానుకూ ఒకటి. చివరకు చేలోని బోరు మోటారుకు సెల్‌ఫోనే రిమోటు అయింది. బోర్లు, బావుల కింద మిరప, పత్తి, వరి పండించే మధిర ప్రాంత రైతుకు ఇది చిన్న సౌకర్యం కాదు. అయితే ఇంట్లో రిమోటును వాడినంత ధీమాగా చేలో వాడితే ప్రాణానికే ముప్పు.

కంటికి కనబడని వెలుగు

టీవీ రిమోటు ముందు భాగాన చిన్న బల్బు ఉంటుంది. మీట నొక్కగానే అది పరారుణ కాంతిని విడుస్తుంది. ఈ కాంతి మన కంటికి కనబడదు. ఎక్కువ రిమోట్లలో ఇది సెకనుకు 38 వేల సార్లు మినుకుమంటుంది. ఒక్కో మీటకు ఒక్కో వరుస. ఆ వరుసను బట్టి ధ్వని పెంచాలా, చానల్ మార్చాలా అన్నది టీవీ గ్రహిస్తుంది. వెలుగు గనుక గోడ దాటదు, మనిషి అడ్డు వచ్చినా పనిచేయదు.

రిమోటు పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవాలంటే బల్బును సెల్‌ఫోను కెమెరా ముందు పెట్టి మీట నొక్కాలి. చాలా ఫోన్లలో లేత ఊదా వెలుగు కనబడుతుంది. కనబడకపోతే ముందు సెల్లులు మార్చి చూడాలి.

అమెరికాలో జెనిత్ కంపెనీ 1956లో తెచ్చిన రిమోటులో సెల్లులే లేవు. మీట నొక్కితే లోపలి సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది. మనిషి చెవికి అందని ఆ మోతను టీవీ పట్టుకునేది. 1980 దశకానికి పరారుణ కాంతి రిమోట్లు వాడుకలోకి వచ్చాయి. ఆ తరువాత గోడలు దాటే రేడియో తరంగాలు, ఇప్పుడు ఫోను, నోటిమాట కూడా రిమోటు పని చేస్తున్నాయి.

గట్ల మీద నడక తప్పింది

కరెంటు వంతుల వారీగా వచ్చిన రోజుల్లో రైతు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని గట్ల వెంట నడిచేవాడు. పాము కాటుకో, కరెంటు షాకుకో ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబాలు పల్లెల్లో ఉన్నాయి. మొబైల్ స్టార్టరు ఆ నడకను తప్పించింది.

స్టార్టరు పక్కన బిగించే ఈ డబ్బాలో సిమ్ ఉంటుంది. రైతు ఫోను చేసి అంకె నొక్కగానే లోపలి రిలే అనే చిన్న స్విచ్చి, మనం చేత్తో మీట నొక్కినట్టే మోటారును నడుపుతుంది. త్రీఫేజు కరెంటు వచ్చిందో లేదో తిరిగి ఫోనుకే చెబుతుంది. మంచి రకాల్లో ఒక ఫేజు పోయినా, బోరులో నీరు తగ్గినా మోటారు తానే ఆగుతుంది. చేలో సిగ్నల్ ఉండాలి, సిమ్‌కు రీచార్జి తప్పనిసరి.

ఆటో స్టార్టరు సంగతి వేరు. కరెంటు రాగానే అది ఎవరినీ అడగకుండా మోటారును నడుపుతుంది. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ఆ భారం దాని మీదే పడుతుంది. పైగా అవసరం లేకున్నా భూగర్భ జలం పారిపోతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు మొదలుపెట్టే ముందు ఆటో స్టార్టర్లు తొలగించాలని ప్రభుత్వం రైతులను కోరింది ఇందుకే. మొబైల్ స్టార్టర్లలోనూ కొన్నింటికి ‘ఆటో’ పద్ధతి ఉంటుంది. దానిని ఆపి ఉంచడం మేలు.

ఆగింది మోటారే, కరెంటు కాదు

ఫోనుతో మోటారును ఆపినా స్టార్టరులోకి వచ్చే తీగల్లో కరెంటు అలాగే ఉంటుంది. తండ్రి మోటారు దగ్గర చెయ్యి పెట్టిన వేళ ఆ సంగతి తెలియక ఊళ్లో ఉన్న కొడుకు ఫోను నొక్కవచ్చు. అందుకని మరమ్మతుకు దిగే ముందు మెయిన్ స్విచ్చి దించాలి. ఫీజులు మూడూ పీకి జేబులో వేసుకోవాలి. ఇంట్లో అందరికీ చెప్పాలి. స్టార్టరు పెట్టెకు, మోటారుకు ఎర్త్ ఉండాలి. తడి చేతులతో, తడి నేలపై నిలబడి ముట్టరాదు. ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఫీజు పోతే సొంతంగా ఎక్కకుండా లైన్‌మన్‌ను పిలవాలి, లేదా విద్యుత్తు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయాలి.