పిట్యూటరీ గడ్డ ఆపరేషన్ తర్వాత: మాత్ర ఆపొద్దు, పరీక్ష తప్పొద్దు

రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారులకు, వారి కుటుంబ సభ్యులకు

పిట్యూటరీ అంటే మెదడు కింద, ముక్కు వెనుక ఉండే శనగగింజంత గ్రంథి. థైరాయిడ్ వంటి మిగతా గ్రంథులను నడిపించేది ఇదే. గడ్డను ఎక్కువగా ముక్కులోంచే తీస్తారు. పైకి కుట్లు కనిపించవు కాబట్టి అంతా బాగైపోయినట్టే అనిపిస్తుంది. కానీ గ్రంథి కుదురుకోవడానికి వారాలు, నెలలు పట్టొచ్చు.

ఇంట్లో మొదటి నెల

• ముక్కు చీదొద్దు. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మండి.
• నీళ్ల బిందె, బియ్యం మూట, చంటిపిల్లలను ఎత్తొద్దు. తల కిందికి వంచే పనులు చేయొద్దు.
• విరేచనానికి ముక్కొద్దు. మలబద్ధకం ఉంటే డాక్టరుకు చెప్పి మందు రాయించుకోండి.
• బీడీ, సిగరెట్ వద్దు.

నీళ్లు, మూత్రం గమనించండి

విపరీతమైన దాహం, మాటిమాటికీ నీళ్లలాంటి మూత్రం వస్తే అది షుగర్ జబ్బే అనుకోవద్దు. ఈ ఆపరేషన్ తర్వాత అలా జరగొచ్చు, దానికి వేరే మందు ఉంది. కొందరికి మొదటి 4 నుంచి 10 రోజుల మధ్య రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, మగతగా, అయోమయంగా ఉండటం దాని గుర్తులు. అందుకే దాదాపు 7వ రోజున సోడియం పరీక్షకు రమ్మంటారు. తప్పక వెళ్లండి.

స్టెరాయిడ్ మాత్ర రాసిచ్చారా?

హైడ్రోకార్టిసోన్ వంటి మాత్ర ఇస్తే, డాక్టరు చెప్పేదాకా ఒక్కరోజు కూడా ఆపొద్దు. మీ శరీరం సొంతంగా తయారుచేసుకోలేని హార్మోనును ఈ మాత్ర అందిస్తుంది. ఒక్కసారిగా ఆపేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

డిశ్చార్జి అయ్యాక ఆరోగ్యశ్రీ కింద 10 రోజుల మందులు ఉచితంగా ఇస్తారు. ఆ మందులు అయిపోయాయంటే మాత్ర అవసరం తీరిపోయినట్టు కాదు. రెండు రోజుల ముందే ఆరోగ్యమిత్రను కలవండి.

జ్వరం వస్తే డోసు పెంచాలి. ఎంత పెంచాలో డిశ్చార్జి రోజే చీటీ మీద రాయించుకోండి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ పడాలి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా, పన్ను తీయించుకునే ముందు కూడా, ఈ మాత్ర సంగతి చెప్పండి.

వెంటనే 108కి ఫోన్ చేయాల్సినవి

• ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం కారడం, గొంతులోకి ఉప్పగా దిగడం
• జ్వరంతో మెడ బిగుసుకుపోవడం
• చూపు ఉన్నట్టుండి తగ్గడం
• ముక్కు నుంచి రక్తం ఆగకపోవడం
• ఫిట్స్, స్పృహ తప్పడం

ఎప్పుడు చూపించుకోవాలి?

దాదాపు 6 వారాలకు హార్మోన్ పరీక్షలు, 3 నెలలకు ఎంఆర్ఐ, కంటి చూపు పరీక్ష ఉంటాయి. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు చూపించుకోవాలి, ఎందుకంటే గడ్డ మళ్లీ రావచ్చు. మీ తేదీలు డిశ్చార్జి కాగితంలో చూసుకోండి. ఉదయం కార్టిసాల్ పరీక్ష ఉంటే, ఆ రోజు మాత్ర ముందు వేసుకోవాలా, రక్తం ఇచ్చాక వేసుకోవాలా అని ముందే అడగండి.

ఆరోగ్యమిత్రను అడగాల్సినవి

కొన్ని ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీలో ఏడాది పాటు ఫాలో అప్ ప్యాకేజీ ఉంది. మీ ఆపరేషన్‌కు అది వర్తిస్తుందా, ఏ మందులు, పరీక్షలు అందులో వస్తాయి అని డిశ్చార్జికి ముందే అడగండి. వెళ్లిన ప్రతిసారీ కార్డు, ఆధార్, డిశ్చార్జి కాగితం, పాత స్కాన్లు తీసుకెళ్లండి. ఇబ్బంది ఉంటే 104కు ఫోన్ చేయండి.

ఈ పీడీఎఫ్ మీ ఫోన్లో దాచుకోండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపండి. మీకు ఒంట్లో బాగోలేని రోజున చదవాల్సింది వాళ్లే.