పత్రికావిద్యయు ప్రకటనల బేరమును

పత్రికారచన పుట్టుకతో రావలసినదే గాని కళాశాలలో నేర్పదగినది కాదని పరిహసించువారు అన్ని దేశములందును కలరు. అమెరికాలో జోసెఫ్ పులిట్జరు 1904లో వారికి ప్రత్యుత్తరము వ్రాసెను. న్యాయ వైద్య కళాశాలలవలెనే పత్రికారచనకును కళాశాలలు ఏర్పడితీరునని ఆయన వాదము. మిస్సోరీ విశ్వవిద్యాలయమున వాల్టరు విలియమ్సు 1908లో అట్టి విద్యాలయమును స్థాపించెను. పులిట్జరు మరణించిన మరుసటి యేడు, 1912లో, ఆయన యొసగిన 20 లక్షల డాలర్ల విరాళముతో కొలంబియాలో మరియొకటి వెలసెను.

ఈ వృత్తాంతమున ఒక చిన్న వివాదము కలదు. హార్వర్డు అధ్యక్షుడగు ఎలియట్టు పాఠ్యప్రణాళికను సూచించుచు కార్యాలయ నిర్వహణమును, ప్రకటనలను, ప్రతుల విక్రయమును అందు చేర్చెను. పులిట్జరు సమ్మతింపలేదు. సంచలన వార్తలతో లక్షల ప్రతులమ్మి ధనికుడైనవాడే తరగతిగదిలోనికి వాణిజ్యమును రానీయరాదనెను! ఆ వ్యాపారపు లోతుపాతులెరిగినవాడు గనుకనే అట్లనియుండును.

మన దేశమున లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయము 1941లో ఈ శాఖను తెరచెను. విభజనానంతరము అది ఢిల్లీకి తరలివచ్చెను. తెలుగునాట ఉస్మానియా 1954లో ఆరంభించెను. నేడు దీనికి జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ అని జంటపేరు. ఆ రెండవ పేరు చాటున ప్రకటనల విద్యయు, ప్రజాసంబంధముల విద్యయు ప్రవేశించినవి. ఉదయము వార్తను శోధించుటయు, మధ్యాహ్నము ఆ శోధననుండి యజమానిని కాపాడుటయు ఒకే విద్యార్థి నేర్చుకొనుచున్నాడు.

ఫలితమెట్టిదో 2009 ఎన్నికలు చూపినవి. అభ్యర్థులు సొమ్ము చెల్లించి తమ ప్రకటనలను వార్తల వేషమున అచ్చువేయించుకొనిరి. ఈ దురాచారమును బయలుపెట్టినవారిలో ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘమువారు కలరు. ప్రెస్ కౌన్సిలు ఇద్దరు సభ్యులతో ఉపసంఘమును నియమించెను. అందొకరు తెలుగువారగు కె. శ్రీనివాసరెడ్డి గారు. వారు పత్రికల పేర్లు పేర్కొని మరీ నివేదిక వ్రాసిరి. కౌన్సిలు 2010లో ఆ పేర్లు విడిచి సంగ్రహమును మాత్రమే ప్రకటించెను. పూర్తి పాఠము సమాచారహక్కు చట్టము పుణ్యమా యని 2011లో గాని వెలికిరాలేదు. పరుల దాపరికమును ప్రశ్నింపవలసిన సంస్థ తన దాపరికమును తానే కాపాడుకొనెను.

కుమారులను, కుమార్తెలను ఈ తరగతులకు పంపు తలిదండ్రులు జీతమెంత, ఉద్యోగమెన్నడు అని విచారింతురు, అది సహజమే. దానితోబాటు మరియొక ప్రశ్న కూడ అడుగవలెను. వార్తకును ప్రకటనకును నడుమ హద్దెచ్చటనో మీ కళాశాలలో ఎవరు బోధింతురు, ఎన్ని గంటలు బోధింతురు? ఆ నివేదికను మొదటి సంవత్సరపు విద్యార్థులచే చదివింతురా? పాఠ్యపుస్తకములకు ధనము చాలదను సాకు ఇక్కడ చెల్లదు; అది ఉచితముగనే లభించును.