తాళం వేసినాము, గొళ్ళెం మాటేమిటి?

తాళం వేసి గొళ్ళెం మరచిన సామెత మన పెద్దలు ఊరకే అనలేదు. పాస్‌వర్డ్‌కు ఎనిమిది అక్షరాలు తగ్గరాదు, పెద్ద అక్షరం, అంకె ఉండవలెను అని నిబంధన వ్రాసి, తాళం పడినదని తృప్తి చెందుతున్నాము. బిర్సానగర్ వాసియైన మన సహోద్యోగి తన పేట పేరునే ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసి, చివర 123 తగిలించినాడనుకొందాము. నిబంధన నెరవేరినది. ఊహించదలచిన వానికీ పని సులువైనది.

ఇది క్రొత్త వ్యాధి కాదు. యూనిక్స్ నిర్మాతలలో ఒకరైన కెన్ థామ్సన్, రాబర్ట్ మోరిస్‌తో కలసి 1979లో ప్రకటించిన వ్యాసంలో, పరిశీలించిన 3,289 పాస్‌వర్డ్‌లలో 86 శాతం సులభంగా చిక్కేవేనని తేల్చినారు. విధి వైచిత్ర్యమేమో గాని, 1988 నవంబరు 2న ఇంటర్నెట్‌ను స్తంభింపజేసిన 'వర్మ్'ను వదలినది ఆ మోరిస్ కుమారుడే. అది వాడిన ఉపాయాలలో 432 మాటల పాస్‌వర్డ్ జాబితా ఒకటి.

ఆ కాలంలో లాగిన్, ఫైళ్ళ బదిలీ వంటి ప్రతి ప్రోగ్రామూ తన తనిఖీ తానే చేసుకొనేది. 1995లో సన్ సంస్థకు చెందిన విపిన్ సమర్, రోలాండ్ షెమర్స్ ఆ తనిఖీని విడి మాడ్యూళ్ళుగా చేసే 'ప్యామ్' పద్ధతిని ప్రతిపాదించినారు. లినక్స్‌లో నేటికీ ఇదే ఆధారం. ఇందులో పంక్తుల వరుసయే ప్రాణం. 'సఫిషియెంట్' అని వ్రాసిన పంక్తి నెగ్గినచో, అంతకు ముందు 'రిక్వైర్డ్' పంక్తి ఏదీ తప్పి ఉండనిచో, దాని క్రింది పంక్తులను యంత్రం చూడదు. తప్పు యత్నాలు మించిన ఖాతాను అడ్డుకొనే పంక్తిని దాని క్రింద మాత్రమే పెట్టినచో అది అలంకారమే. మేము చెప్పే గొళ్ళెం ఇదే.

మరొక గొళ్ళెం భాషకు సంబంధించినది. 'పీడబ్ల్యూక్వాలిటీ' మాడ్యూల్ నిఘంటువుతో సరిపోల్చి చూచునుగాని, ఆ నిఘంటువుకు మన వేంకటేశ్వరుడు, మన శ్రీకాకుళం ఊళ్ళు తెలియవు. 'బ్యాడ్‌వర్డ్స్' అను అమరికలో ఈ పేర్లను మనమే చేర్చవలెను. రూట్ ఖాతాకు ప్రత్యేకంగా వ్రాయనిదే ఈ మాడ్యూల్ హెచ్చరించునే గాని అడ్డుపడదు. పాస్‌వర్డ్‌లు కేంద్ర డైరెక్టరీ సర్వర్‌లో ఉన్నచోట నిబంధనను అక్కడ కూడా పెట్టవలెను.

నెలనెలా మార్పించుటకు మేము సుముఖులము కాము. జనవరి పేరు ఫిబ్రవరిగా మారునంతే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ సైతం 2017లో, బయటపడినదన్న ఆధారం లేనిదే గడువు పెట్టి మార్పించవద్దన్నది. మూడు తప్పులకు ఖాతాను శాశ్వతంగా మూయుట కూడా తగదు. గిట్టనివాడు మూడుమార్లు తప్పు కొట్టినచో, షిఫ్టుకు వచ్చిన ఉద్యోగి బయటనే నిలువవలెను. పది నిమిషాల నిలుపుదల చాలును.

ఈ పంక్తులను సవరించునపుడు ఒక రూట్ సెషన్‌ను తెరచియే ఉంచి, వేరొక టెర్మినల్ నుండి లాగిన్ అయి చూడవలెను. ఒక ఆదివారం మేము ఆ జాగ్రత్త తీసుకొనలేదు. మా సర్వర్ మమ్ములనే లోనికి రానీయలేదు. సింగిల్ యూజర్ విధానంలో బూట్ చేసి సరిదిద్దుకొనుసరికి మధ్యాహ్న భోజన వేళ దాటినది.