చలికాలంలో కోడి జుట్టు నల్లబడితే: అది చలా, జబ్బా?

పై వీడియోలో మా కోళ్ల గూడు తిప్పి చూపించాను. అందులో టైం చాలక చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

మాది చింతపల్లి వైపు, లంబసింగికి దగ్గర. పుష్యమాసం వచ్చిందంటే చాలామంది నన్ను అడిగేది ఒకటే: "కోడి జుట్టు నల్లబడింది, చలికేనా?" చలి అనుకుని వదిలేస్తే ఒక్కోసారి మంద మొత్తం పోతుంది. అందుకే ముందు తేడా తెలుసుకుందాం.

మంచు కాటు ఎలా వస్తుంది?

కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. చలి పెరిగితే ఆ వేడి కాపాడుకోవడానికి ఈకలు లేని భాగాలకు, అంటే జుట్టు, తమ్మెలు, కాలివేళ్లకు రక్తం తగ్గిపోతుంది. ఉష్ణోగ్రత సున్నా కంటే కిందికి దిగితే అక్కడి కండలో నీరు గడ్డకట్టి ఆ భాగం చచ్చిపోతుంది. దీన్నే ఫ్రాస్ట్‌బైట్ అంటారు. కాశ్మీర్, లడఖ్‌లలో, అలాగే అమెరికా, కెనడాల్లో పెరట్లో కోళ్లు పెంచుకునే మనవాళ్లకు ఇది నిజమైన సమస్య. మా కొండల్లో అంత చలి రాత్రులు అరుదు. మైదాన ప్రాంతాల్లో ఆ భయం లేదు. పెద్ద జుట్టున్న పుంజులకు ముప్పు ఎక్కువ, చిన్న జుట్టున్న అసీల్‌కు తక్కువ.

తేడా ఇలా పట్టుకోండి

- మంచు కాటు: ముందు జుట్టు కొసలు పాలిపోతాయి, తర్వాత వాపు, బొబ్బలు. కొన్ని రోజులకు కొసలు నల్లగా ఎండుతాయి.
- మశూచి: పులిపిర్ల లాంటి పొక్కులు లేచి నల్లటి పక్కు కడతాయి. ముఖం మీద, కళ్ల చుట్టూ కూడా వస్తాయి. దోమల ద్వారా పాకుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే టీకా వేయించాలి.
- జుట్టు మొత్తం నీలంగా మారి, తల వాచి, కోళ్లు వరసగా చస్తుంటే కొక్కెర తెగులో, బర్డ్ ఫ్లూనో అనుమానించాలి. చచ్చిన కోడిని కొయ్యొద్దు, అమ్మొద్దు. వెంటనే పశువైద్యుడికి చెప్పండి.

చలి కంటే తేమే చేటు

చలి అనగానే మనవాళ్లు గూటికి నాలుగు వైపులా టార్పాలిన్ బిగించేస్తారు. కోళ్ల ఊపిరి, రెట్టల నుంచి లేచే ఆవిరి బయటికి పోక పైకప్పుకు తగిలి చుక్కలుగా కోళ్ల మీదే పడుతుంది. తడిసిన జుట్టుకే మంచు కాటు తొందరగా వస్తుంది. మంచు పడని ఊళ్లలో కూడా ఆ ఘాటు వాసనకు కళ్లు మండి, గురక మొదలవుతుంది.

1. కోడి కూర్చునే ఎత్తు వరకు గోనె సంచులు కట్టండి. దాని తలకన్నా పైన, చూరు కింద గాలి పోయే సందు వదలండి.
2. కింద ఊక మూడు నాలుగు అంగుళాల మందంలో పరవండి. గుప్పెట్లోకి తీసుకుని నొక్కితే ముద్ద కట్టకూడదు. కడితే తడి ఊక తీసి పొడిది వేయండి.
3. నీళ్ల పాత్ర రాత్రికి బయట పెట్టి, తెల్లారగానే గోరువెచ్చని నీళ్లు ఇవ్వండి.
4. సన్న కర్రకు బదులు వెడల్పు చెక్క కట్టండి. కోడి దాని మీద కూర్చుంటే పొట్ట ఈకలు వేళ్లను కప్పేస్తాయి.
5. సాయంత్రం మొక్కజొన్న నూక కొంచెం ఎక్కువ వేయండి. అది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది.

మూసిన గూట్లో నిప్పుల కుంపటి అస్సలు పెట్టొద్దు. ఆ విషవాయువుకు కోళ్లు నిద్రలోనే పోతాయి. చిన్న పిల్లలుంటే వాటికి వేరే బ్రూడర్ ఉండాలి: మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి సుమారు మూడు డిగ్రీలు తగ్గించాలి. పిల్లలు బల్బు కింద గుంపుగా ఒకదానిపై ఒకటి ఎక్కుతుంటే వేడి చాలట్లేదని అర్థం.

మంచు కాటు తగిలితే

కోడిని పొడిగా, వెచ్చగా ఉన్న గదిలోకి తీసుకురండి. కాలివేళ్లకు తగిలితే గోరువెచ్చని నీళ్లలో ఉంచి, తర్వాత తడి లేకుండా అద్దండి. రుద్దకూడదు, బల్బు దగ్గరగా పెట్టకూడదు. స్పర్శ ఉండదు కాబట్టి కాలినా దానికి తెలియదు. బొబ్బలు చిదమొద్దు, నల్లబడిన కొసలు కొయ్యొద్దు. అవి కొన్ని వారాల్లో వాటంతటవే రాలిపోతాయి. మిగతా కోళ్లు పొడవకుండా విడిగా ఉంచండి. చీము, దుర్వాసన వస్తే పసుపుతో సరిపెట్టుకోకుండా డాక్టర్‌కు చూపించండి. మళ్లీ అదే చలిలోకి వదిలితే దెబ్బ రెట్టింపవుతుంది.

రేపు తెల్లవారుజామున తలుపు తీయగానే గూట్లో తలపెట్టి చూడండి. మీ కళ్లు మండినా, పైకప్పు లోపల చెమ్మ కనిపించినా ముందు పైన సందు తెరవండి. దానికి పైసా ఖర్చు లేదు.