ఛాయాచిత్రాలకు రెండవ ప్రతి

2004లో వచ్చిన ఎప్సన్ పి-2000 పరికరంలో 40 గిగాబైట్ల హార్డ్ డిస్క్, 3.8 అంగుళాల తెర ఉండేవి. కెమెరా కార్డును అందులో పెడితే కంప్యూటర్ లేకుండానే ఫొటోలు నకలయ్యేవి. ఆపై కార్డును చెరిపి తిరిగి వాడుకోవచ్చు. ప్రమాదం అక్కడే ఉంది.

కార్డులో కదిలే భాగాలుండవు. హార్డ్ డిస్క్‌లో మాత్రం వేగంగా తిరిగే పళ్ళెం, దానిపై వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా తక్కువ ఎత్తున కదలాడే హెడ్ ఉంటాయి. నకలు సాగుతుండగా జారిపడితే రెండూ రాసుకొని సమాచారం నశించవచ్చు.

ఇటువంటిదే వేరొక పరికరాన్ని చేజార్చి, మా అమ్మ చివరి సంక్రాంతి ఫొటోలను పోగొట్టుకున్నాను. ఆ కార్డును అంతకుముందే చెరిపివేశాను.

ప్రకృతి మనకు రెండు మూత్రపిండాలనిచ్చింది. ఫొటోలకూ అదే న్యాయం: ఇల్లు చేరి మరొక ప్రతి తీసేదాకా కార్డును చెరపకూడదు.